పొలిటికల్ సైన్స్ టాపరే.. మరి ఉద్యోగానికి రెడీనా?

ఆర్టికల్ 356 అనగానే బొమ్మై కేసు దాకా గడగడా చెప్పేస్తారు. క్లాస్‌లో ఫస్ట్. అయినా అలాంటి స్టూడెంట్‌కి రికమండేషన్ లెటర్ రాసేటప్పుడు ప్రొఫెసర్ పెన్ను ఒక చోట ఆగుతుంది. సబ్జెక్ట్ వచ్చు.. మరి పని వచ్చా?

పని అంటే? పీఆర్ఎస్ సంస్థ ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్‌నే తీసుకోండి. ఏ డిగ్రీ ఉన్నా అప్లై చేయొచ్చు, వయసు 25 దాటకూడదు. సెలెక్ట్ అయితే వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పని. రేపు సభలోకి బిల్లు వస్తోందంటే, రాత్రికి రాత్రే చదివి పేజీ నోట్ చేతిలో పెట్టాలి. మన పరీక్షల్లో అలవాటైంది దీనికి రివర్స్. అక్కడ ఒక పాయింట్‌ని నాలుగు పేజీలు సాగదీస్తేనే మార్కులు!

సివిల్స్‌లో ఆప్షనల్‌గా 500 మార్కులు ఉన్నాయిగా అంటారా? నిజమే, గ్రూప్స్‌లో పాలిటీ కూడా కలిసొస్తుంది. కానీ నోటిఫికేషన్ కోసం అశోక్‌నగర్ రూముల్లో ఎదురుచూసే వాళ్లలో టాపర్లూ ఉన్నారు.

ఆ ఎదురుచూసే టైమ్‌లోనే చేయగలిగిన పని ఒకటుంది. ఎన్నికల అధికారుల సైట్లలో ఫారం 20 దొరుకుతుంది. పోలింగ్ స్టేషన్ల వారీగా ఎవరికెన్ని ఓట్లో అందులో ఉంటుంది. మీ నియోజకవర్గానిది ఎక్సెల్‌లో పెట్టి, కనిపించిందేంటో ఒక్క పేజీలో రాసి మీ సార్‌కి చూపించండి. లెటర్‌లో ఆయన రాయడానికి ఒక లైన్ దొరుకుతుంది.