గాజుపెట్టెలోని చిన్న పనివాళ్లు

ఈశాన్య ఋతుపవనాల వానలు మొదలైన తరువాత చెన్నైలో ఏదైనా ఒక ఇంటి పెరట్లో పూలకుండీని పక్కకు జరిపి చూడండి. దాని కింది తడిమట్టిలో బూడిదరంగు చిన్న ప్రాణులు కనబడవచ్చు. వెలుగు పడగానే అవి చీకటిని వెతుక్కుంటూ పరుగెడతాయి. వాటిలో కొన్ని జాతులు తాకగానే మిరియపు గింజలా గుండ్రంగా చుట్టుకుంటాయి. చాలామంది వీటిని పురుగులనుకుంటారు. నిజానికి ఇవి రొయ్యలకు, పీతలకు చుట్టాలు. శాస్త్రజ్ఞులు వీటిని ఐసోపాడులు అంటారు. సమానమైన పాదాలు కలవి అని ఆ మాటకు అర్థం. వీటికి ఇంచుమించు ఒకే తీరుగా ఉండే ఏడు జతల కాళ్లుంటాయి.

ఐసోపాడుల పూర్వీకులు సముద్రంలో నివసించేవి. నేటికీ సముద్రంలో బతికే ఐసోపాడులు ఎన్నో ఉన్నాయి. నేలమీదికి వచ్చినవి కూడా నీటితో సంబంధం తెంచుకోలేదు. పొట్ట కింద ఉండే పలుచని రేకుల వంటి అవయవాలతో అవి గాలి పీల్చుకుంటాయి. ఆ రేకులు తడిగా ఉన్నంతవరకే వాటికి ఊపిరి ఆడుతుంది. అందుకే అవి ఎండకు దూరంగా ఉంటాయి. తల్లి తన గుడ్లను పొట్ట కింద తడి నిండిన సంచిలో మోస్తుంది.

సముద్రాన్ని విడిచి వచ్చిన మరొక చుట్టం సన్యాసి పీత. పీతనే మనలో కొందరు ఎండ్రకాయ అంటారు. మామూలు పీతకు ఒళ్లంతా గట్టి పెంకు ఉంటుంది. సన్యాసి పీతకు మాత్రం వెనుక భాగం మెత్తగా ఉంటుంది. అందుచేత అది నత్త విడిచిన గుల్లలో దూరి, ఆ గుల్లను మోసుకుంటూ తిరుగుతుంది. ఒళ్లు పెరిగినకొద్దీ ఇంకా పెద్ద గుల్లను వెతుక్కుంటుంది. పేరుకు సన్యాసి అయినా, నేలమీద బతికే సన్యాసి పీతలు గుంపులుగా తిరుగుతాయి. అండమాన్, నికోబార్, లక్షద్వీప తీరాలలో ఇవి ఉన్నాయి. మన తీరంలో వలల్లో పడి ఒడ్డుకు వచ్చేవి సముద్రపు జాతులు. అవి సముద్రపు నీరు లేనిదే బతకవు.

నేలమీది సన్యాసి పీతలను కొందరు ముచ్చటపడి ఇంట్లో పెంచుకుంటారు. గాజుపెట్టెలో ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి లోతుగా పరుస్తారు. ఒక గిన్నెలో మంచినీరు, మరొక గిన్నెలో ఉప్పునీరు పెడతారు. పీత మొప్పలు ఎండిపోకుండా పెట్టెలోని గాలి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. అయితే చెమ్మ, వేడి, మిగిలిపోయిన తిండి ఒకచోట చేరితే బూజు పడుతుంది, ఈగలు ముసురుతాయి, కంపు కొడుతుంది.

అలాంటప్పుడు ఇసుకంతా తీసి కడిగితే సరిపోదా అని మీకు తోచవచ్చు. అక్కడే ఒక చిక్కు ఉంది. పీత పెరగాలంటే పాత పెంకును విడవాలి. అందుకోసం అది ఇసుకలోకి దిగి దాగుకుంటుంది. కొన్ని వారాలు, ఒక్కొక్కసారి రెండు నెలలకు పైగా అక్కడే ఉంటుంది. అప్పుడు దాని ఒళ్లు వెన్నలా మెత్తగా ఉంటుంది. ఆ సమయంలో ఇసుక తవ్వితే పీత ప్రాణం పోవచ్చు. పీత చనిపోయిందనుకొని తవ్వి తీసి, బతికి ఉన్నదాన్ని చంపుకున్నవారు కూడా ఉంటారు.

పీతను కదిలించకుండా పెట్టెను శుభ్రం చేయడానికి ఐసోపాడులు ఉపయోగపడతాయి. కుళ్లిన ఆకులు, బూజు పట్టిన తిండి, పీత విసర్జించిన మలం వీటికి ఆహారం. వీటిని అవి కొరికి పొడి చేస్తాయి. మిగిలిన పనిని కంటికి కనబడని సూక్ష్మజీవులు పూర్తిచేస్తాయి. అడవిలో రాలిన ఆకులు మట్టిగా మారేదీ ఇలాగే.

అయితే పెరట్లో కనబడిన ఐసోపాడులను వెంటనే తెచ్చి పెట్టెలో వేయకూడదు. నగరాలలో దోమల కోసం పొగ వదులుతారు. ఇళ్లలో చీమలకు, చెదలకు మందు చల్లుతారు. ఇలాంటి మందులు చాలావరకు కీటకాల నరాలను దెబ్బతీస్తాయి. కీటకాలు, ఐసోపాడులు, పీతలు అన్నీ కీళ్లకాళ్ల జీవులే. కనుక దోమను చంపే మందు పీతను కూడా చంపగలదు. ఆ మందు ఐసోపాడు ఒంటికి, దానికి అంటిన మట్టికి పట్టి ఉంటే పెట్టెలోకి వస్తుంది. అందుచేత మందు చల్లని చోటనుండే వాటిని ఏరాలి. గిండీ అడవిలో బాగా దొరుకుతాయి కదా అని అక్కడికి వెళ్లకూడదు. అది 1978 నుండి జాతీయ వనం. అక్కడి జీవులను పట్టి తేవడాన్ని చట్టం నిషేధిస్తుంది.

ఏరేటప్పుడు రోకలిబండను చూసి ఐసోపాడు అని పొరబడవద్దు. తమిళంలో మరవట్టై అనేది ఈ రోకలిబండనే. దాని కాళ్లు లెక్కకు మిక్కిలి. దాని ఒంటినుండి ఘాటైన ద్రవం వస్తుంది.

తెచ్చినవాటిని ఒక నెలపాటు వేరే డబ్బాలో ఉంచాలి. డబ్బా మూతకు సన్నని రంధ్రాలు చేయాలి. అడుగున తడి కొబ్బరిపొట్టు, దానిమీద ఎండుటాకులు, ఒక క్యారట్ ముక్క వేస్తే చాలు. రోజూ గమనిస్తూ ఉండాలి. డబ్బాలో చీమలు గాని, చుక్కల్లా పాకే నల్లులవంటి చిన్న జీవులు గాని ఉన్నాయేమో చూడాలి. ఏ ఐసోపాడు ఒళ్లయినా నీలిరంగుకు తిరిగితే అది ఒక వైరసు వల్ల వచ్చే జబ్బు కావచ్చు. అలాంటివి కనబడినా, ఎక్కువగా చనిపోతున్నా ఆ గుంపును పెట్టెలో వేయకూడదు. ఒక ఐసోపాడు ఒంటిలో వెనుక సగం తెల్లగా, ముందు సగం నల్లగా కనబడితే భయపడనక్కరలేదు. ఐసోపాడు పెంకును రెండు విడతలుగా, ముందు వెనుక సగం, తరువాత ముందు సగం విడుస్తుంది.

నెల గడిచి అన్నీ ఆరోగ్యంగా ఉంటే పది పన్నెండింటిని పెట్టెలో ఉప్పునీటి గిన్నెకు దూరంగా, ఎండుటాకుల కింద వదలాలి. ఎండుటాకులు ఎప్పుడూ ఉండేటట్లు చూడాలి. ఆకలితో ఉన్న ఐసోపాడులు మెత్తని ఒంటితో ఉన్న పీత జోలికి పోయే ప్రమాదం ఉంది. ఒడ్డుకు కొట్టుకువచ్చే తెల్లని సముద్రపు నురుగును మీరు చూసే ఉంటారు. అది కణవాయి చేప ఒంటిలోని గట్టి భాగం. దానిని కడిగి ఒక ముక్క పెడితే పెంకు గట్టిపడటానికి కావలసిన సున్నం పీతకూ, ఐసోపాడులకూ దొరుకుతుంది.

ఇంత శ్రద్ధ తీసుకున్నా ఒక తేడా మిగిలే ఉంటుంది. ఐసోపాడులు ఆ పెట్టెలోనే పిల్లల్ని పెట్టి, తరతరాలుగా బతుకుతాయి. సన్యాసి పీత అలా కాదు. దాని పిల్లలు మొదట సముద్రపు నీటిలో తేలుతూ పెరగాలి. కనుక అంగడిలో అమ్మే సన్యాసి పీతలు దాదాపు అన్నీ ఏదో ఒక తీరంలో పట్టి తెచ్చినవే. ముచ్చటకోసం మరొకదాన్ని కొంటే, తీరంనుండి మరొకదాన్ని పట్టి తేవడానికి కారణమవుతాం. ఇప్పటికే ఇంట్లో ఉన్నదానిని మెరీనాలో వదిలిపెట్టడం కూడా తప్పే. అది పుట్టిన తీరం వేరు, దానితో వచ్చే జబ్బులు ఇక్కడి జీవులకు అంటుకోవచ్చు. దానిని చివరిదాకా చక్కగా చూసుకోవడమే మన పని.

ఒక చిన్న గాజుపెట్టెను బతికించాలంటేనే ఇంత తెలిసి ఉండాలి. ఈసారి పూలకుండీ కింద ఆ బూడిదరంగు ప్రాణులు కనబడితే కాసేపు చూసి, కుండీని మెల్లగా ఎక్కడిదక్కడ పెట్టండి.