మామిడి తోట వెబ్‌సైటు: కొనువారికి కనబడు విధము

కాయలను నేరుగా అమ్మదలచి కొందరు రైతులు వెబ్‌సైటులు పెట్టుకొనుచున్నారు. కొనువారు గూగుల్‌లో వెదకినపుడు సైటు కనబడనిచో పెట్టిన ఖర్చు వృథాయగును. సరుకు తిరిగి కమీషను మండీకే చేరును. కావున ఈ క్రింది పద్ధతులు పాటించవలెను.

1. పేర్లు: కొనువారు వాడు మాటలే పుటలో ఉండవలెను. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను దీనినే కొందరు బేనిషాన్ అనియు, ఉత్తరాదివారు సఫేదా అనియు అందురు. ఈ పేర్లన్నియు వాక్యములలో సహజముగా రావలెను. ఒకే మాటను పదేపదే గుప్పించిన పుటలను గూగుల్ వెనుకకు నెట్టును.

2. శీర్షిక: ప్రతి పుటకు వేరు శీర్షిక ఉండవలెను. "హోమ్" అని వ్రాయుటకంటె కాయ రకము, ఊరు తెలుపుట మేలు.

3. ఫొటోలు: పెద్ద ఫొటోలను కుదించి పెట్టవలెను. లేనిచో సెల్‌ఫోనులో పుట తెరుచుకొనుట ఆలస్యమగును. గూగుల్ ముఖ్యముగా పరిశీలించునది సెల్‌ఫోను రూపమునే.

4. తనిఖీ: సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనములో సైటును నమోదు చేసి, సైట్‌మ్యాప్ సమర్పించవలెను. ఏ మాటలు వెదకి ఎందరు వచ్చినదియు అందు తెలియును.

హెచ్చరిక: మొదటి స్థానము ఖాయమని సొమ్మడుగువారిని నమ్మరాదు, అట్టి హామీ ఎవరును ఈయజాలరు. స్థానము పెరుగుటకై లింకులు కొనుట గూగుల్ నిబంధనలకు విరుద్ధము.

ఫలితము కనబడుటకు నెలలు పట్టును. కనుక కాయ కోతకు వచ్చువరకు ఆగక, పూతకు ముందే ఈ పని ప్రారంభించవలెను.