ఎలుకకు మూడు వారాలు, గేదెకు పది నెలలు!

పొందూరు అనగానే సన్న ఖద్దరు గుర్తుకొస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో నూలు వడికి, మగ్గం మీద నేసే బట్ట అది. మగ్గం దగ్గరకు తర్వాత వద్దాం. ముందు ఆ ఊరి పశువులసాలలోకి తొంగిచూడండి.

గేదె చూడి కట్టిన రోజును ఇంటివాళ్లు గుర్తు పెట్టుకుంటారు. లెక్క తప్పి, ఈనే వేళకు పక్కన ఎవరూ లేకపోతే దూడ దక్కకపోవచ్చు. దూడ పోతే పాడీ దెబ్బతింటుంది. అందుకే ఈ లెక్కలు పెద్దవాళ్లకు నోటికి వచ్చు: ఆవుకు తొమ్మిది నెలల పైన, గేదెకు పది నెలల పైన, మేకకు అయిదు నెలలు. అదే సాలలో గడ్డి కింద కాపురముండే ఎలుకకు మాత్రం మూడు వారాలే! ఏనుగుకైతే 22 నెలలు.

"పెద్ద జంతువుకు ఎక్కువ కాలం, అంతేగా?" అంటారు మీరు. తొందరపడకండి. మనకంటే ఎన్నో రెట్లు బరువైన ఆవుకూ, మనకూ ఇంచుమించు తొమ్మిది నెలలే. మనిషంత ఉండే ఎర్ర కంగారూకు 33 రోజులు చాలు. దాని పిల్ల చిక్కుడు గింజంత ఉండగానే బయటపడి, తల్లి సంచిలోకి పాకి, మిగిలిన ఎదుగుదల అక్కడ పూర్తి చేసుకుంటుంది. ఎలుక పిల్లా అంతే. కళ్లు తెరవకుండా, ఒంటిమీద నూగు లేకుండా పుడుతుంది. అంటే, ఏ దశలో బయటికి వస్తుందన్నదీ చూడాలి.

పిండం ఎదిగే వేగంలోనే తేడా ఉంది మరి. వెన్నుపూసలకు మూలమైన ఖండాలు తల వైపు నుంచి తోక వైపుకు జతజతగా ఏర్పడతాయి, మగ్గం మీద పేక పోగు తర్వాత పోగు పడినట్టు. ఒక జన్యువు పనిచేస్తూ, ఆగుతూ గడియారంలా కొట్టుకుంటుంది. దాని పేరు హెస్-7. ఒక్కో దెబ్బకు ఒక్కో జత. చిట్టెలుకలో ఇందుకు సుమారు 2 గంటలు, మనిషిలో 5 గంటలు పడుతుంది.

జన్యువు మారిస్తే వేగం మారుతుందా? మికి ఎబిసుయ అనే జపాన్ శాస్త్రవేత్త బృందం మనిషి హెస్-7ను చిట్టెలుక కణాల్లో పెట్టి చూసి, ఫలితాన్ని 2020లో ప్రకటించింది. గడియారం దాదాపు ఎలుక వేగంతోనే నడిచింది! నూలు ఎవరిదైనా వేగం మగ్గానిదే అన్నమాట. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీనే దాన్ని ఆపుతుంది. ఆ ప్రోటీను విరిగిపోతేనే మరో దెబ్బ. మనిషి కణాల్లో దాని తయారీ, విరగడం రెండూ నిదానమే.

2023లో అదే బృందం కుందేలు, ఆవు, ఖడ్గమృగం, మార్మొసెట్ కోతి కణాలనూ పరీక్షించింది. అర కిలో కూడా తూగని ఆ కోతి గడియారం, టన్నుకు పైగా తూగే ఖడ్గమృగం గడియారం కంటే మెల్లగా నడిచింది! ఆవు గడియారమేమో కుందేలు కంటే మెల్లగా, మనకంటే వేగంగా ఉంది.

ఆవుకూ మనకూ కడుపులో గడిపే నెలలు ఒకటే కదా. అయినా పుట్టిన గంటా రెండు గంటల్లోనే దూడ లేచి పొదుగు వెతుక్కుంటుంది. మనం ఒక్క అడుగు వేయడానికి ఇంచుమించు ఏడాది తీసుకుంటాం.