సెల్లార్‌లో క్యూ... పోలింగ్ బూత్ ఖాళీ!

చందానగర్‌లో ఏదైనా పెద్ద అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నిక చూడండి. ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో టేబులు, డబ్బా, ఫ్లాటుకో ఓటు. లిఫ్టుల ఏఎంసీ ఎవరికిచ్చారు, ట్యాంకర్ల లెక్కేది, కార్పస్ ఫండ్ వడ్డీ ఎటుపోయింది అంటూ వాట్సాప్ గ్రూపు వారం ముందే వేడెక్కుతుంది. రెండు ప్యానెళ్లు, బుజ్జగింపులు, అలకలు. ఇంత పట్టింపు ఉన్న జనమే కార్పొరేటర్ ఎన్నికకు మాత్రం గేటు దాటరు.

2020 డిసెంబరు 1, మంగళవారం, గ్రేటర్ హైదరాబాద్ పోలింగ్. ముందు శని, ఆదివారాలు, సోమవారం కార్తీక పౌర్ణమి. పోలింగ్ సెలవుతో కలిపి నాలుగు రోజులు కలిసొచ్చాయి. పైగా కరోనా, ఐటీ ఉద్యోగులు చాలామంది అప్పటికే సొంతూళ్ల నుంచి పనిచేస్తున్నారు. గ్రేటర్ మొత్తం మీద పోలైంది 46.55 శాతం. పోనీ కరోనా మీదికి నెడదామా అంటే 2016లో 45.29, 2009లో 42.04. అప్పుడేం కరోనా ఉంది?

చదువుకున్నోళ్లకు బద్ధకమని తిట్టిపోయడం తేలిక. నాకైతే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. కార్పొరేటర్ చేతిలో ఏముందో చూడండి. నీళ్లు జలమండలివి, కరెంటు డిస్కమ్‌ది, చెరువు కబ్జా అయితే 2024లో వచ్చిన హైడ్రా. మిగిలినవి గల్లీ రోడ్డు, చెత్త, వీధిదీపం, నాలా పూడిక. వాటికీ చట్టప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌దే. ట్యాంకరు, జనరేటరు, వాచ్‌మన్ అన్నీ మెయింటెనెన్స్‌తో కొనుక్కునే ఫ్లాటాయనకు కార్పొరేటర్‌తో పనేం పడుతుంది? బస్తీవాళ్లకు నాలా పొంగిన రాత్రి తలుపు తట్టడానికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. అందుకే వాళ్లు ఓటేస్తారు.

ఎన్నికలంటే పట్టనిది జనానికేనా? హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. చందానగర్ ఉన్న శేరిలింగంపల్లి సహా 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ చేశారు. ఓటర్లను పిలవడానికి 2009 నవంబరు దాకా తీరలేదు. అన్నాళ్లూ అధికారుల పాలనే. సొంత మున్సిపాలిటీ పోయి, 150 వార్డుల్లో చందానగర్ 110వ నంబరుగా మిగిలింది.

2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన పాలకమండలికి 2026 ఫిబ్రవరి 10తో ఐదేళ్లు నిండాయి. దానికి రెండు నెలల ముందే చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను గ్రేటర్‌లో కలిపి, వార్డులను 300 చేశారు. ఏ కాలనీ ఏ వార్డులోకి పోయిందన్న గొడవే అందరిదీ. వార్డుకంటూ సొంత పద్దు ఒకటి పెట్టండని, దాని లెక్కలు వార్డు సభలో చదవండని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.