రిబ్కా బావియొద్ద

మదనపల్లెలో మా యింటి ప్రక్కనుండు క్రైస్తవ వృద్ధురాలొకతె వేసవి మధ్యాహ్నములందు తన తెలుగు బైబిలును తెచ్చి మాయొద్ద కూర్చుండును. మేము భారతము విప్పుదుము. ఆమె ఆదికాండము విప్పును. ఈ యూరికి ఆ గ్రంథము క్రొత్తది కాదు. 1835లో జన్మించి 1908లో గతించిన జేకబ్ చేంబర్లేన్ అను అమెరికా వైద్యుడు ఆర్కాటు మిషను పక్షమున నిచ్చట చిరకాలము నివసించి, తెలుగు బైబిలు సవరణకు పెక్కేండ్లు పాటుపడెను.

మొన్న చదివినది ఇరువదినాల్గవ అధ్యాయము. వృద్ధుడైన అబ్రాహాము తన కుమారుడగు ఇస్సాకునకు స్వజనములో కన్యను వెదకుటకై ముదుసలి సేవకు నొకని పంపెను. అతడు సాయంకాలము ఊరివెలుపలి బావియొద్ద పది యొంటెలను మోకరింపజేసి, స్త్రీలు నీటికి వచ్చు వేళ దేవుని ప్రార్థించెను: త్రాగుటకు నీరడిగిన నాకిచ్చి, యొంటెలకును తోడి పోసెదనను చిన్నదియే నా యజమానుని కోడలు కావలెనని. ఆ మాట ముగియకముందే రిబ్కా కడవతో వచ్చెను.

ఇదియు మన బల్లిపలుకు వంటి శకునమే గదా యని మేమంటిమి. వృద్ధురాలు నవ్వి, "ఒంటె యెంత నీరు త్రాగునో యెరుగుదువా తల్లీ?" యనెను. దప్పిగొన్న యొంటె యొక్కసారిగా నూరు లీటర్లు త్రాగగలదు. పది యొంటెలకు వేయి లీటర్లు! రిబ్కా నీటికి దిగి, నింపుకొని, పైకి వచ్చెనని గ్రంథమున నున్నది. మన దిగుడుబావి వంటిదే కాబోలు. కడవకు పది లీటర్లనుకొన్నను నూరు మారులు దిగి యెక్కవలెను. వేసవిలో బిందెలు మోసిన మదనపల్లె యిల్లాండ్రకు ఆ లెక్క చెప్పనక్కరలేదు. సేవకుడు కోరిన గురుతు ఆకాశమున గాని గోడమీద గాని కనబడునది కాదు. అది యొక పిల్ల మనస్సున నున్నది.

గురుతు కనబడినను అతడు తొందరపడలేదు. ఊరకుండి ఆమెను చూచుచుండెను. ఆమె తన వారెవరో చెప్పిన పిమ్మటనే తలవంచి, దేవుడు తన యజమానునికి కృపా సత్యములను మానలేదని స్తుతించెను. హెబ్రీలో ఆ మాటలు హెసెద్, ఎమెత్ అట. హెసెద్ అనగా ఒట్టి జాలి కాదు, ఒకసారి పట్టిన చేతిని విడువని దయ. ఆ గుణము సేవకునందును గలదు. ఎదుట భోజనము పెట్టినను, వచ్చిన పని చెప్పనిదే ముట్టననెను. మాకు వెంటనే మైనాకుని చేతితో తాకి సాగిపోయిన హనుమంతుడు జ్ఞప్తికి వచ్చెను. రిబ్కా యన్న లాబానో, ముక్కుకమ్మియు కడియములును చూచి మరీ పరుగెత్తి వచ్చెను. ఇట్టి యన్నలు మన యిండ్లలోను లేకపోలేదు.

మరునాడు బయలుదేరుద మని సేవకుడనగా, తల్లియు అన్నయు పది దినములైన నుంచుడనిరి. అతడు ఒప్పుకొనలేదు. అప్పుడు వారు చిన్నదానినే పిలిచి, ఈ మనుష్యునితో పోవుదువా యని యడిగిరి. "పోవుదును" అని యామె చెప్పెను.

ఈ మాట మమ్ము విడువకుండుటకు కారణమున్నది. పుంగనూరిలో మా వదినగారి కుమార్తెకు కుప్పమునుండి సంబంధము వచ్చినది. జాతకములు కుదిరినవి, ముహూర్తము సయితము అనుకొనిరి. పెండ్లిచూపులకు మేమును పోతిమి. వచ్చినవారికి కాఫీలు, పండ్లు జరుగుచుండగా మా చూపు గుమ్మమువైపే యుండెను. ఎండలో కారుయొద్ద నిలిచిన డ్రైవరును ఎవరు తలతురా యని! వరుడు తలచలేదు, సెల్‌ఫోను చూచుకొనుచుండెను. వరుని తల్లి మాత్రము తన గ్లాసు ముట్టక, "ముందు ఆ అబ్బాయికి మంచినీళ్లియ్యండమ్మా" అనెను.

ఇది గురుతా? మాకు తెలియలేదు. వంటయింటిలోనికి పోయి పిల్లనడిగితిమి. ఆమె పాత్ర తోముట మాని, "అత్తా, ఇంతవరకు నన్నెవరు నడుగలేదు. నాకు పది దినములు గడువు కావలెను. ఆ అబ్బాయితో మాటలాడవలెను" అనెను. వదినగారి ముఖము చిన్నబోయినది. మా యింటివారు గొంతు సవరించుకొని ఆ మాట పెద్దల యెదుట నుంచిరి. కుప్పమువారిలో ఒకరిద్దరు గొణిగినను, వరుని తల్లి సరే యన్నది.

నేటికి ఆరు దినములైనవి. నిన్నరాత్రి పుంగనూరునుండి ఫోను వచ్చినది. పిల్లవాడు పలమనేరు మీదుగా నొంటరిగా వచ్చి పోయెనట. పిల్ల యింకను ఏమియు చెప్పలేదు.