కొండ కింద ప్రయోగశాల

మండ్రగబ్బ పగలంతా బొరియలో, రాళ్ల సందున దాక్కుంటుంది. పొద్దుగూకాక వేటకు బయల్దేరుతుంది. రాయలసీమలో ఈ సంగతి పశువులు కాసే పిల్లాడికీ తెలుసు. ఈ పగలూ రాత్రీ తేడా దాని కండరాల్లోని ఎంజైముల దాకా వెళుతుందా అని అడిగింది మాత్రం తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగం. 1960లలో కె. పంపాపతిరావు, ఆయన సహచరులు వేర్వేరు వేళల్లో ఈ తేలు కండరాలను పరీక్షించి, వెళుతుందనే చూపించారు.

పంపాపతిరావు పరిశోధన అంతకుముందే సముద్రాలు దాటింది. అమెరికా పశ్చిమ తీరంలోని మస్సెల్ ఆల్చిప్పల మీద 1953లో ఆయన పత్రం వెలువడింది. ఒకే జాతి ఆల్చిప్పలను ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి చూస్తే, వెచ్చని దక్షిణ తీరం వాటికంటే చల్లని ఉత్తర తీరం ఆల్చిప్పలే వేగంగా నీటిని తోడుతున్నాయని తేల్చారు. చలికి ఒళ్లు మందగించకుండా ఆ జీవి తన పనితీరునే సవరించుకుందన్నమాట! అదే ప్రశ్నను ఆయన తిరుపతిలో వానపాముల మీద కొనసాగించారు. ఎండ మండే ఊళ్లో అంతకంటే సరైన ప్రశ్న ఏముంటుంది? ఈ విభాగం అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం. ప్రపంచం పట్టించుకునే ప్రశ్నకు జవాబును మన నేలలోని జీవిలోనే వెతికింది.

వృక్షశాస్త్ర విభాగానికి ఆ నేల ఇంకా దగ్గర. 1954లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయానికి శేషాచలం పెరటి కొండ. ఎర్రచందనం, కొండసాంబ్రాణి, తెల్లకరక, మొగి అక్కడివే. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని పేరిత అనే మొక్క కూడా ఈ తూర్పు కనుమలదే. మందు కోసమని దాని మగ శంకువులను కోసుకుపోతే విత్తనం ఎలా కడుతుంది? 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అయితే ఏ లోయలో ఏ మొక్క మిగిలిందో చెప్పడానికి దాన్ని చూడగానే పోల్చగలిగే మనిషి కావాలి.

ఆ మనుషులు ఈ విభాగంలో ఉన్నారు. కె. మాధవ చెట్టి మరో ఇద్దరితో కలిసి రాసిన చిత్తూరు జిల్లా పుష్పించే మొక్కల గ్రంథం 2008లో వచ్చింది. మూలికల మీద వెలువడిన ఎన్నో పరిశోధన పత్రాల్లో, మొక్కను నిర్ధారించింది తిరుపతి వృక్షశాస్త్ర విభాగమేనన్న వాక్యం కనిపిస్తుంది. మొక్క పేరు తప్పితే ఆ తర్వాతి ప్రయోగమంతా వృథా. ర్యాంకుల పట్టికలు ఈ సేవను లెక్కించవు. కనీసం మన ప్రభుత్వమైనా లెక్కించాలి. వర్గీకరణ అధ్యాపకుడు పదవీ విరమణ చేసే రోజుకే, ఆయన వెంట కొండలు తిరిగి నేర్చుకున్న మరొకరు ఆ కుర్చీకి సిద్ధంగా ఉండేలా నియామకాలు జరగాలి.