జనగామ చెలకల్లో జీనువాయి

పిచ్చుక కంటే చిన్నది, మట్టి రంగుది. పొడవు 11 సెంటీమీటర్లకు అటూ ఇటూ. నల్లటి మొనదేరిన తోక, తెల్లటి నడుము, వెండి బూడిద రంగులో మెరిసే లావు ముక్కు. ఆడదేదో మగదేదో చూసి చెప్పడం కష్టం. పక్షుల పుస్తకాలు ఇండియన్ సిల్వర్‌బిల్ అనే ఈ మునియా పిట్టకు తెలుగులో జీనువాయి అని పేరుంది.

ఇరాన్ నుంచి పాకిస్తాన్, భారత్, నేపాల్ మీదుగా శ్రీలంక దాకా ఇది ఉంటుంది. పటం గీసేవాళ్లు తెలంగాణ మొత్తానికీ ఒకటే రంగు పూస్తారు. నేల మీద చూస్తే లెక్క వేరు.

జనగామది మెట్ట. ఎర్రమట్టి చెలకలు, రాళ్ల బోళ్లు, తుమ్మ, రేగు పొదలు. ఈ పిట్ట కోరుకునేది సరిగ్గా ఇదే: నిలువునా ఎండి గింజ రాల్చే గడ్డి, గూటికి ముళ్లపొద. ఎండు గింజల్లో తడి ఉండదు కాబట్టి దగ్గర్లో నీళ్లూ కావాలి. అందుకే ఎండాకాలంలో దీన్ని వెతకాలంటే ముందు పశువుల తొట్టి దగ్గర చూడాలి.

మహబూబాబాద్ వైపు బయ్యారం చెరువు లాంటి నీటి వనరుల కింద వరి పండుతుంది. అక్కడి పొలాల్లో ఎక్కువ కనబడేది దీని దాయాది, రొమ్ము మీద పొలుసుల గీతలున్న చుక్కల మునియా. మన పిట్ట ఎక్కువగా ఉండేది మెట్ట చెలకల్లోనే. భూపాలపల్లి అడవిలోకి అసలు దూరదు. చెట్లు గుబురైతే నేలమీది గడ్డి పలచబడుతుంది, దానికి తిండి ఉండదు. అడవి నరికి సాగు చేసిన అంచుల్లో మాత్రం దిగుతుంది. రెల్లు, తుంగ పెరిగే తడి చోట్లు ఎర్ర మునియావి.

గడ్డితో బంతిలాంటి గూడు అల్లి నాలుగు నుంచి ఎనిమిది దాకా తెల్లని గుడ్లు పెడుతుంది. గిజిగాడు వదిలేసిన గూడు దొరికితే ఆ శ్రమా ఉండదు, అందులోనే చేరిపోతుంది.

ప్రపంచ లెక్కలో దీనికి ముప్పేమీ లేదు. ఆ మాట ఒక ఊరి చెలకకు వర్తించదని నా అభిప్రాయం. జొన్న, సజ్జ వేసిన చోట ఇప్పుడు పత్తి ఉంది. పత్తిలో పిట్టకు గింజ దొరకదు. మిగిలింది గట్టు మీది గడ్డి. దాని మీదా గడ్డిమందు కొడుతున్నాం.